క్యాంపు డబ్బాలో టమాట.. సెప్టెంబరులో గింజ, సంక్రాంతికి కాయ

గల్ఫ్ ఎండలకు టమాట పండదని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. పండుతుంది. కాకపోతే ఊరి లెక్క ఇక్కడ పనికిరాదు. మన దగ్గర వానాకాలం, యాసంగి అని ఏడాదిలో రెండు మూడుసార్లు నారు పోస్తారు. ఇక్కడ ఒకే ఒక్క పంట. యూఏఈలో, సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం ఎండలో పని నిషేధం కదా. టమాటకూ అదే లెక్క అనుకోండి. ఆ నిషేధం ఎత్తేశాక, సెప్టెంబరు చివరి వారంలో గింజ వేస్తే సరిపోతుంది.

దీనికి కారణం ఉంది. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రి 24 కంటే తగ్గకపోయినా టమాట పుప్పొడి చెడిపోయి పూత రాలుతుంది. మొక్క పచ్చగానే కనిపిస్తుంది, కాయ మాత్రం నిలవదు. మార్చిలో మొదలుపెట్టినవాళ్లు మే నెలలో విసుగొచ్చి డబ్బా పారేసేది ఇందుకే.

ఏ గింజ మంచిది?

పూసా రూబీ, అర్క వికాస్, పీకేఎం-1 లాంటివి సూటి రకాలు. వీటి పండు నుంచి గింజ తీసి దాచుకుంటే మళ్లీ ఏడు అదే రకం వస్తుంది. హైబ్రిడ్ ప్యాకెట్ కొంటే కాత ఎక్కువే, కానీ దాని గింజ దాస్తే తల్లి గుణం రాదు. మెస్‌లో కూరకు తెచ్చిన పండు గింజ కూడా మొలుస్తుంది. అయితే అవి ఎక్కువగా హైబ్రిడ్ కాయలే, ఎలా కాస్తాయో చెప్పలేం.

గింజలు ఇక్కడి నర్సరీల్లో, పెద్ద మార్కెట్లలో దొరుకుతాయి. ఇంటి నుంచి మట్టి, నారు మొక్కలు తేవద్దు. ఇంకో మాట. ఇంట్లోవాళ్లు బ్యాగులో పెట్టే గింజల, మసాలాల పొట్లాలు ఒకసారి విప్పి చూసుకోండి. యూఏఈ, సౌదీల్లో గసగసాలు మత్తు పదార్థం కింద లెక్క. మనకది కూరలో వేసే దినుసే కావచ్చు, విమానాశ్రయంలో దొరికితే జైలే.

నారు పోసేది ఇలా..

పేపర్ టీ కప్పులకు అడుగున చిల్లు పెట్టి, తడిపిన కొబ్బరి పొట్టు నింపండి. కప్పుకు రెండు గింజలు, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతులో. ఇక్కడ మన సైటు పనే గుర్తు పెట్టుకోండి. కొత్త స్లాబుకు గోనెపట్టా తడిపి కప్పి క్యూరింగ్ చేస్తాం, మధ్యలో ఆరనివ్వం. గింజకూ అంతే. పైన తడి ఆరకూడదు, అలాగని నీళ్లు నిలవకూడదు. వారం పది రోజుల్లో మొలక వస్తుంది.

మొలక రాగానే గదిలోంచి వెలుతురులోకి మార్చాలి. లేకపోతే కాడ సన్నగా సాగి వాలిపోతుంది. ముందు పొద్దుటి ఎండ చాలు. కప్పుకు బలమైన మొక్క ఒక్కటే ఉంచి రెండోది తీసేయండి.

డబ్బా, మట్టి, నీళ్లు

ఐదు వారాలకు, అంటే నవంబరు మొదట్లో మొక్కను పెద్ద డబ్బాలోకి మార్చాలి. మెస్‌లో ఖాళీ అయిన 20 లీటర్ల నూనె డబ్బా బాగా పనికొస్తుంది. అడుగున నాలుగైదు చిల్లులు తప్పనిసరి. సైటు మీద వాటర్‌ప్రూఫింగ్, ఎపాక్సీ, క్యూరింగ్ కాంపౌండ్ వచ్చిన బకెట్లు ఎంత కడిగినా వాడొద్దు. సిమెంటు కలిసిన ఇసుక కూడా పనికిరాదు. కొబ్బరి పొట్టు, కంపోస్టు, కడిగిన ఇసుక కలుపుకోండి. కింది ఆకులు గిల్లేసి, కాడను కొంత లోతుగా పాతండి. పాతిన కాడకు కూడా వేర్లు వస్తాయి. డబ్బాకు ఒకటే మొక్క, పక్కన ఊతకర్ర.

నీళ్ల దగ్గర జాగ్రత్త. పునాది గుంతల నుంచి తోడే నీరు సముద్రం దగ్గర ప్రాంతాల్లో ఉప్పుగా ఉంటుంది, మొక్క మాడిపోతుంది. రోడ్డు పక్క చెట్లకు పోసే ట్యాంకర్ నీరు చాలాచోట్ల శుద్ధి చేసిన మురుగునీరు. తినే పంటకు అది వద్దు. కుళాయి నీరే పోయండి, డ్యూటీకి వెళ్లే ముందు రోజూ. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచేస్తే కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అది పురుగు కాదు, రోగమూ కాదు. నీళ్లు హెచ్చుతగ్గులైతే కాయకు సున్నం సరిగ్గా అందక వచ్చేది.

పూత వచ్చాక గెలను రోజూ పొద్దున వేలితో మెల్లగా కదపండి. గాలి ఆడని బాల్కనీలో పుప్పొడి రాలడానికి అదే దారి. ఆకు ముడుచుకుని మొక్క గిడసబారితే అది తెల్లదోమ తెచ్చే వైరస్. ఆ మొక్క పీకి దూరంగా పారేయండి, మిగతావి బతుకుతాయి. నల్లులకు కొట్టే మందు మాత్రం మొక్కల దగ్గరికి తేకండి, ఆ కాయ తినేది మనమే.

ముందు పర్మిషన్

క్యాంపు బాస్‌ను అడగకుండా ఒక్క డబ్బా కూడా పెట్టొద్దు. మెట్ల మీద, నడవాలో, ఫైర్ ఎగ్జిట్ ముందు పెడితే తనిఖీలో తీసి పారేస్తారు, పారేయడం న్యాయమే. మంటలప్పుడు పరుగెత్తే దారి అది. పిట్టగోడ మీద కూడా వద్దు. 20 లీటర్ల డబ్బా కిందపడితే ఏమవుతుందో సైటు మీద పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. రోజుకు ఆరు గంటలు ఎండ పడే నేల జాగా చూపించమనండి. డబ్బా కింద పళ్లెంలో నీళ్లు నిలవకుండా చూసుకుంటామని, దోమలు రానివ్వమని ముందే చెబితే సగం పని అయినట్టే.

గింజ దాచడం, డబ్బా అప్పగించడం

సంక్రాంతి నాటికి మొదటి కాయలు ఎర్రబడతాయి. బాగా చూసుకుంటే ఒక్కో మొక్కకు ఏప్రిల్ దాకా రెండు మూడు కిలోలు రావచ్చు. గదిలో ఎనిమిది మందికి అది ఏడాది కూర కాదు, నాలుగైదు సార్లు పచ్చడి. మెస్ ఖర్చు తగ్గుతుందని ఎవరూ మొదలుపెట్టొద్దు. డ్యూటీ నుంచి రాగానే పచ్చగా ఉన్నదేదో చూడాలనిపించేవాళ్లు మొదలుపెట్టండి.

సూటి రకమైతే బాగా పండిన ఒక పండు గింజను గుజ్జుతో సహా గ్లాసులో రెండు మూడు రోజులు పులియబెట్టండి. పైన జిగురు పోయాక కడిగి, ప్లేటు మీద నీడలో ఆరబెట్టి, పొట్లం కట్టి పేరు, నెల రాయండి. ఆ పొట్లం ఎండాకాలం వేడి గదిలో ఉంటే మొలక శక్తి పోతుంది. ఫ్రిజ్‌లో ఒక మూల పెట్టండి. మధ్యలో ఎవరికి సెలవు వచ్చినా, ఎవరి వీసా అయిపోయినా డబ్బా, పొట్లం రెండూ గదిలో ఇంకొకరికి అప్పగించి వెళ్లండి. నీళ్లు పోసే వంతు ఎవరిదో గోడ మీద రాసి ఉంటే, మనిషి మారినా మొక్క ఎండిపోదు.