బంగారు పాము నేర్పిన పాఠము

మన నెల్లూరి సముద్రతీరమున సరుగుడుతోటల నడుమ కాపురముండు గృహిణులకు, కార్తీకపు వానలతోబాటు వచ్చు భయ మొకటి కలదు. అదియే కట్లపాము. పగలు ఎలుకబొరియలలో దాగి, రాత్రివేళ ఇంట జొరబడి, నేలపై పరుండినవారిని నిద్రలోనే కరచును. త్రాచువలె పడగ విప్పి బెదరింపదు. కాటు నొప్పి తెలియకపోవచ్చును. గాటు కంటికి కనబడకపోవచ్చును.

మా వీధిలోని యొక కోడలు అట్టి రాత్రి లేచి కడుపునొప్పి యనెను. అజీర్ణమని తలచి అత్తగారు వాముకషాయ మిచ్చిరి. తెల్లవారుసరికి ఆమె కనురెప్పలు వ్రాలెను, మాట ముద్దయ్యెను, మ్రింగుట కష్టమయ్యెను. కొందఱు మంత్రగానికై పరుగిడిరి. మేము 108 బండిని పిలిపించితిమి. వైద్యశాల చేరునప్పటికి ఆమె శవమువలె నుండెను. కొన్నిదినములు యంత్రమే ఆమెకు ఊపిరి పోసెను. కోలుకొని వచ్చిన పిదప ఆమె మాతో ననిన మాట మఱపునకు రాదు: “మీరంతా ఏడుస్తుంటే నాకు వినబడతానే ఉండిందక్కా. కన్ను తెరిచేదానికే చేతకాలేదు.”

ఈ వింతకు కారణమేమి? మనము చేయి కదల్పదలచినప్పుడు మెదడు పంపిన ఆజ్ఞ నరము వెంబడి దాని కొనవఱకు పోవును. నరపుకొనకును కండరమునకును నడుమ మిక్కిలి సన్నని సందు కలదు. దానిని దాటుటకు, నలుని సందేశమును దమయంతికి చేర్చిన హంసవంటి రాయబారి కావలయును. ఎసిటైల్ కోలిన్ అను రసాయనమే ఆ హంస. నరపుకొనలోని సూక్ష్మమైన సంచులలో అది సిద్ధముగా నుండును. ఆజ్ఞ రాగానే వెలువడి, సందు దాటి, కండరముపైనున్న ద్వారములను తట్టును. అంతట కండరము ముడుచుకొనును.

త్రాచువిషము ఆ ద్వారములను మూసివైచును. కట్లపాము విషము అంతటితో నూరకొనక, నరపుకొననే చెఱచి, హంసలు బయలుదేరకుండ జేయును. బొట్యులినమను విషము పనియు నిట్టిదే. సరిగా కాచక గాలి చొరకుండ మూసియుంచిన యాహారములందు ఒక సూక్ష్మజీవి దానిని పుట్టించును. సంచులు తెఱచుకొనుటకు వలయు మాంసకృత్తులను అది త్రుంచివేయును. మాంసము కూరిన ప్రేగులు తినినవారికి కలిగిన యీ వ్యాధిని జర్మనీ వైద్యుడు జస్టినస్ కెర్నర్ 1820లోను 1822లోను వర్ణించెను. అణుమాత్రముతో ప్రాణము తీయు ఆ విషమునే వైద్యులు మిక్కిలి స్వల్పముగా సూదితో నెక్కించి, బిగిసిన కండరములను సడలించుచున్నారు. మెల్లకంటికి దానిని వాడుటకు అమెరికాలో 1989లో అనుమతి లభించెను.

ఈ రహస్యము తెలియుటకు కట్లపాము జాతియు తోడ్పడినది. 1796లో పాట్రిక్ రస్సెల్ దొర కోరమండల్ తీరపు సర్పములనుగూర్చి గ్రంథము ప్రకటించుచు, పసుపు నలుపు పట్టెల పామునకు తెలుగువారు పెట్టిన ‘బంగారు పాము’ అను పేరును వ్రాసెను. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదెన్ దానినిబట్టియే ఆ జాతికి ‘బంగారస్’ అని నామకరణము చేసెను. 1963లో తైవానులో చాంగ్, లీ అనువారు ఆ జాతి విషమునుండి ‘బంగారోటాక్సిన్’ అను పదార్థములను వేఱుచేసిరి. కండరపు ద్వారములను గుర్తించి పరిశీలించుటకు అవి సాధనములైనవి. మన బంగార మా శాస్త్రమున నట్లు నిలిచినది.

ఇక మన కర్తవ్యము. నేలపై పరుండక మంచ మెక్కి, దోమతెర యంచులను పరుపుక్రింద దోపవలయును. రాత్రివేళ కారణము తెలియని కడుపునొప్పి కలిగి, రెప్పలు వ్రాలినచో, గాటు లేకున్నను కట్లపామును శంకింపవలయును. కట్లు బిగించుట, కోయుట, వేపాకు నమలించి చేదు పరీక్షించుట కాలహరణమే. విరుగుడు సూదిమందు త్వరగా పడవలయును. నరపుకొన చెడిన పిదప ఆ మందు దానిని బాగుచేయజాలదు. కొనలు మరల చిగిర్చువఱకు యంత్రముతో ఊపిరి నిలుపుటయే గతి.

కాన, కదలనివారిని జూచి ఆశ విడువకుడు. వైద్యశాలకు చేర్చుడు. దారి పొడవున ఏడ్పు మాని, చెవిచెంత ధైర్యము చెప్పుడు. వారు వినుచునే యుండవచ్చును.