ప్రసారవాల్వు – దానికి తగిన భారము

1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ రేడియో కేంద్రము వెలసిన కాలమున మాటను ఆకాశమున కెక్కించు పని వాల్వులది. నేడు పెక్కుతావుల ఆ పనిని ట్రాన్సిస్టరులు చేయుచున్నవి.

బ్యాటరీనుండి గరిష్ఠశక్తిని గుంజవలెనన్న వెలుపలి నిరోధము లోపలి నిరోధమునకు సమానము కావలెను. అప్పుడు సగము శక్తి బ్యాటరీలోనే వేడియై పోవును. ప్రసారవాల్వునకును ఇదే గతియని కొందరు వాదింతురు. అది సరికాదు.

అనంతపురపు సీమలో కపిల తోలినవారికి సంగతి సులభముగా బోధపడును. బాన చిన్నదైనచో ఎద్దులు ఊరక నడచును. మరీ పెద్దదైనచో అడుగు పడదు. బావిలోతును, ఎద్దుల సత్తువను చూచి బాన కట్టుదురు. వాల్వునకు భారము కుదుర్చుటయు నిట్టిదే. ప్లేటున 2000 వోల్టులుండి, అందు 1800 వోల్టుల ఊపుతో 500 వాట్లు రాబట్టవలెనన్న, భారము సుమారు 3200 ఓములు కావలెను. ఏరియలు నిరోధము ఇంతకంటె మిక్కిలి తక్కువ. తీగచుట్టయు కండెన్సరును నడుమ నిలిచి దానిని వాల్వునకు తగినట్లు మార్చును.

ఇక వేడి మాట. ఉయ్యాల నూచువాడు అనుక్షణము తోయడు; అదను చూచి తోసి విడుచును. వాల్వు గూడ ప్లేటు వోల్టులు మిక్కిలి తగ్గిన అదనుననే, ఆవృత్తిలో మూడవవంతు కాలము మాత్రమే ప్రవాహమును వదలును. తక్కిన కాలము చుట్టయు కండెన్సరును ఊగుచునే యుండును. అందువలన నూటికి 70 పాళ్లకు మించి శక్తి ఏరియలు చేరగలదు.

కండెన్సరు కుదురు తప్పెనా, ప్లేటు ఎఱ్ఱగా కాలును. అందుకే ఇంజనీరు దానిని మెల్లగా త్రిప్పుచు, ప్లేటు ప్రవాహము కనిష్ఠమైనచోట నిలిపెడివాడు. పెద్దవాల్వుల ప్లేట్లను చల్లార్చుటకు నీటిని త్రిప్పుటయు గలదు. నీటి వెల మనసీమవారికి వేరుగ చెప్పనేల!