టచ్-అప్ పెయింటు (కార్లు)

టచ్-అప్ పెయింటు అనగా కారు పైపూతలో చిన్న పెచ్చు ఊడినచోట లేదా లోతైన గీత పడినచోట, ఆ మేరకు మాత్రమే పూసి సరిచేయడానికి వాడే రంగు. ఇది మూతకే కుంచె అమర్చిన చిన్న సీసాలుగా, పెన్నులుగా, స్ప్రే డబ్బాలుగా లభిస్తుంది. బయటపడిన ఇనుప రేకుకు గాలి, నీరు తగలకుండా మూసివేయడం దీని ముఖ్య ప్రయోజనం. మచ్చ కంటికి కనబడకుండా చేయడం రెండవ ప్రయోజనం. ఆవగింజంత పెచ్చును సకాలంలో మూసివేస్తే కొద్దిపాటి ఖర్చుతో పని పూర్తవుతుంది. నిర్లక్ష్యం చేస్తే రంగు కింద తుప్పు పాకి, చివరకు తలుపుకో బానెట్‌కో మొత్తంగా రంగు వేయించవలసి వస్తుంది.

పైపూతలోని పొరలు

కారు పైకి ఒకే రంగుగా కనబడినా, రేకుపై సాధారణంగా నాలుగు పొరలు ఉంటాయి.

* విద్యుత్ పూత: ఫాస్ఫేటు ద్రావణంలో శుద్ధి చేసిన కారు చట్రాన్ని పెద్ద తొట్టిలో ముంచి, విద్యుత్తు ద్వారా పట్టించే పొర. దీని మందం సుమారు 20 మైక్రాన్లు. తుప్పు నుండి రేకును ముఖ్యంగా కాపాడేది ఇదే.
* ప్రైమరు: సుమారు 30 నుండి 40 మైక్రాన్లు. రేకును నునుపు చేసి, పై రంగుకు పట్టు ఇస్తుంది.
* రంగు పొర: సుమారు 15 నుండి 20 మైక్రాన్లు. కారుకు రంగు ఇచ్చేది ఇదే అయినా, పొరలన్నిటిలో పలుచనిది కూడా తరచుగా ఇదే.
* క్లియర్ కోటు: సుమారు 40 నుండి 50 మైక్రాన్లు. రంగులేని ఈ పారదర్శకపు పొర మెరుపునిస్తుంది, ఎండ నుండి రంగును కాపాడుతుంది.

ఇవన్నీ కలిపినా మొత్తం మందం 100 నుండి 150 మైక్రాన్లకు మించదు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అనగా కారుకు ఉన్న రక్షణ కవచం రెండు వెంట్రుకల మందం మాత్రమే.

చరిత్ర

మోటారు కార్ల తొలి రోజులలో వార్నిష్ కలిసిన రంగులను కుంచెతో పొరలు పొరలుగా పూసేవారు. అవి పూర్తిగా ఆరడానికి వారాలు పట్టేది. ఫోర్డు కంపెనీ తన మోడల్ టి కారును 1914 నుండి 1925 వరకు నలుపు రంగులోనే అమ్మింది. 1923లో అమెరికాకు చెందిన డ్యుపాంట్ కంపెనీ, నైట్రోసెల్యులోజు ఆధారంగా త్వరగా ఆరే "డ్యూకో" అనే రంగును ప్రవేశపెట్టింది. జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కారు 1924 మోడలుకు దీనిని వాడారు. భారతదేశంలో ఈ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే, స్ప్రేతో వేసే మెరుపు రంగును ఏ కంపెనీదైనా నేటికీ "డ్యూకో పెయింటు" అనడం కద్దు. 1960ల నుండి విద్యుత్ పూత, ఆ తరువాత రంగు పొరపై క్లియర్ కోటు వేసే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చాయి. ఈ మార్పు వలననే నేటి కార్లకు పెచ్చు సరిచేయాలంటే రంగు ఒక్కటే చాలదు, దానిపై క్లియర్ కోటు కూడా అవసరమవుతుంది.

పెచ్చులు ఊడటానికి కారణాలు

పెచ్చులు ఊడటానికి ముఖ్య కారణం రహదారిపై ముందు వెళ్ళే వాహనాల చక్రాల నుండి ఎగిరివచ్చే రాళ్ళు. బానెట్ ముందు అంచు, బంపరు, అద్దం పైభాగంలోని రూఫు అంచు, చక్రాల వెనుక భాగం వీటికి ఎక్కువగా గురవుతాయి. వేగం పెరిగేకొద్దీ దెబ్బ తీవ్రత పెరుగుతుంది.

గుంటూరు, ప్రకాశం ప్రాంతంలో ఈ రెండు రకాల దెబ్బలూ కనబడతాయి. గుంటూరు నుండి చిలకలూరిపేట మీదుగా ఒంగోలు వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారిపైన, ఒంగోలు నుండి గ్రానైట్ గనులున్న చీమకుర్తికి పోయే దారిలోను బరువు లారీల రాకపోకలు ఎక్కువ. ఇక్కడ రాళ్ళ దెబ్బలు సాధారణం. పట్టణం లోపల కారణం వేరు. బ్రాడీపేట, అరండల్‌పేటలలో చిరునామాను లైను, అడ్డరోడ్డు అంకెలతో చెప్పడం వాడుక. ఇటువంటి పాత పేటలలో చాలా ఇళ్ళకు కారు షెడ్డు ఉండదు. వీధి పక్కన నిలిపిన కార్లకు స్కూటరు హ్యాండిళ్ళు, పక్క కారు తలుపు అంచులు తగిలి గీతలు పడతాయి. రాతి దెబ్బ గుంటవలె లోతుగా, చిన్నదిగా ఉంటుంది. గీత పొడవుగా ఉన్నా తరచుగా పైపొరకే పరిమితమవుతుంది. అందువలన కంటికి చిన్నదిగా కనబడే రాతి దెబ్బే రేకుకు ఎక్కువ ప్రమాదకరం.

తుప్పు వ్యాపించే తీరు

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిసినచోట తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే ఈ చర్య వేగవంతమవుతుంది. తుప్పు తాను తినివేసిన ఇనుము కంటే ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. కాబట్టి పెచ్చు చుట్టూ బాగున్న రంగును కూడా అడుగు నుండి పైకి లేపుతుంది. అలా లేచిన రంగు బుడగలవలె ఉబ్బి, వాటి కిందికి తేమ చేరి, తుప్పు మరింత ముందుకు పాకుతుంది. కారు రేకు మందం సుమారు 0.7 మిల్లీమీటర్లు మాత్రమే కనుక కాలక్రమంలో చిల్లు పడే అవకాశం కూడా ఉంది.

జింకు పూత ఉన్న రేకులలో ఈ చర్య నెమ్మదిగా సాగుతుంది. బాపట్ల వద్ద సూర్యలంక, చీరాల వద్ద ఓడరేవు వంటి సముద్రతీరాలకు వెళ్ళివచ్చిన కారును మంచినీటితో కడగడం మంచిది. తెరచి ఉన్న పెచ్చుపై ఉప్పు నిలిస్తే తుప్పు త్వరగా మొదలవుతుంది.

లోతును గుర్తించుట

రంగు కొనడానికి ముందే దెబ్బ ఏ పొర వరకు దిగిందో తెలుసుకోవాలి.

* తడిపినప్పుడు గీత కనబడకుండా పోయి, గోటితో నిమిరినప్పుడు తగలకపోతే అది క్లియర్ కోటుకే పరిమితమైనది. దీనికి టచ్-అప్ పెయింటు అవసరం లేదు. రబ్బింగ్ కాంపౌండుతో పాలిష్ చేస్తే చాలు.
* గోరు ఆగి, లోపల బూడిద లేదా తెలుపు వర్ణం కనబడితే దెబ్బ ప్రైమరు వరకు దిగింది. రంగు, క్లియర్ కోటు పూయాలి.
* లోహం మెరుస్తూ కనబడితే ముందుగా ప్రైమరు, తరువాత మిగిలినవి పూయాలి. దీనిని వాయిదా వేయరాదు.
* గోధుమ లేదా ఎరుపు చాయ కనబడితే తుప్పు మొదలైనట్లే. తుప్పును తొలగించకుండా రంగు పూయరాదు.

బంపర్లు సాధారణంగా ప్లాస్టిక్కువి కనుక వాటికి తుప్పు భయం లేదు. వాటికి రంగు పట్టడానికి ప్లాస్టిక్కు ప్రైమరు వాడాలి. కొన్ని కార్ల బానెట్లు అల్యూమినియంతో చేసినవి. అయస్కాంతం అంటుకోకపోవడాన్నిబట్టి వీటిని గుర్తించవచ్చు.

సరైన రంగును ఎంచుకొనుట

"తెలుపు", "వెండి రంగు" అని అడిగి కొన్న రంగు కారుకు సరిపోవడం అరుదు. ప్రతి తయారీదారు ప్రతి రంగుకు ఒక సంకేతం ఇస్తారు. ఉదాహరణకు టయోటా వారి సూపర్ వైట్ సంకేతం 040, హోండా వారి టఫెటా వైట్ సంకేతం ఎన్‌హెచ్ 578. రెండూ తెలుపే అయినా ఒకటి కాదు. ఈ సంకేతం ఇంజను గదిలోని పలకపై లేదా డ్రైవరు తలుపు తెరిచినప్పుడు కనబడే స్తంభంపై ముద్రించి ఉంటుంది. కనబడకపోతే, కారు చాసిస్ నంబరు చెప్పి కంపెనీ సర్వీసు కేంద్రంలో తెలుసుకోవచ్చు.

రంగులు ప్రధానంగా మూడు రకాలు.

* సాదా రంగులు: వర్ణద్రవ్యం మాత్రమే ఉంటుంది. కుంచెతో పూసినా బాగా కలిసిపోతాయి.
* మెటాలిక్ రంగులు: సన్నని అల్యూమినియం రేణువులు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఇవి పడుకునే తీరు, కుంచెతో పూసినప్పుడు పడుకునే తీరు ఒకటి కాదు. అందువలన సంకేతం సరిపోయినా పూసినచోటు కొంచెం ముదురుగా కనబడవచ్చు.
* ముత్యపు రంగులు: అభ్రకపు రేణువుల వలన చూసే కోణాన్నిబట్టి చాయ మారుతుంది. ముత్యపు తెలుపులో రంగుకు, క్లియర్ కోటుకు మధ్య మరొక పొర కూడా ఉంటుంది. ఇవి కలపడానికి అన్నిటికంటే కష్టమైనవి.

ఏళ్ళ తరబడి ఎండలో నిలిచిన కారు రంగు వెలిసి ఉంటుంది. అటువంటప్పుడు సంకేతం ప్రకారం తెచ్చిన కొత్త రంగు కొంత తేడాగా కనబడటం సహజం. యంత్రంతో రంగు కలిపి ఇచ్చే దుకాణాలకు పెట్రోలు మూత వంటి విడదీయగల భాగాన్ని తీసుకువెళితే, దాని ప్రకారం సరిచేసి ఇస్తారు. ఆవగింజంత పెచ్చుకు సీసా లేదా పెన్ను సరిపోతుంది. స్ప్రే డబ్బా చిన్న మచ్చ చుట్టూ కూడా రంగు చిమ్ముతుంది కనుక పెద్ద భాగాలకే తగినది.

పూసే విధానం

1. కారును షాంపూతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనివ్వాలి.
2. దెబ్బ తగిలినచోట మైనం, జిడ్డు పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడవాలి.
3. అంచుల వద్ద లేచి ఉన్న రంగును పుల్లతో మెల్లగా తొలగించాలి.
4. తుప్పు ఉంటే, సన్నగా చుట్టిన వాటర్ పేపరు మొనతో మెరిసే లోహం కనబడేవరకు గీకాలి. గుంటలలో మిగిలిన తుప్పుకు, ఫాస్ఫారిక్ ఆమ్లం గల తుప్పు నివారిణిని సీసాపై సూచించినట్లు వాడాలి.
5. లోహం కనబడినచోట మాత్రమే ప్రైమరును చుక్కగా ఉంచి ఆరనివ్వాలి.
6. రంగు సీసాను రెండు నిమిషాలు బాగా కుదపాలి. ముందుగా కాగితంపై పూసి, ఆరిన తరువాత కారు రంగుతో పోల్చి చూడాలి.
7. సీసా కుంచె చిన్న పెచ్చులకు లావుగా ఉంటుంది. సన్నగా చెక్కిన అగ్గిపుల్ల మొనతో గుంట మధ్యలో చుక్క పెడితే రంగు తానే అంచులకు పరుచుకుంటుంది. ద్రావణి ఆవిరైనకొద్దీ రంగు కుంగుతుంది. కాబట్టి ఒకేసారి మందంగా పూయక, పొర పొరకు మధ్య కనీసం అరగంట విడిచి రెండు మూడు పొరలు పూయాలి.
8. రంగు ఆరిన తరువాత క్లియర్ కోటును చుట్టూ ఉన్న మట్టానికి కొద్దిగా ఎత్తుగా వచ్చేలా పూయాలి.
9. కనీసం ఒక వారం తరువాత, సబ్బునీటిలో తడిపిన 2000 నంబరు వాటర్ పేపరుతో ఎత్తుగా ఉన్నచోట మాత్రమే మెల్లగా రుద్ది, కాంపౌండుతో మెరుపు తేవాలి. అనుభవం లేనివారు ఈ చివరి మెట్టును వదిలివేసినా రేకు రక్షణకు లోటు ఉండదు.

థిన్నరు, రంగు త్వరగా మండే పదార్థాలు. గాలి బాగా ఆడేచోట పని చేయాలి. గట్టిపరిచే ద్రవం కలిపే రెండు భాగాల క్లియర్ కోటులో ఉండే ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు హానికరం. తగిన మాస్కు లేనిదే వాటిని వాడరాదు.

అనుకూలమైన సమయం

గుంటూరులో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఎండలో నిలిచిన కారు రేకు ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. కాలే రేకుపై రంగు పరుచుకునేలోపే ఆరి గరుకుగా మిగులుతుంది. వర్షాకాలంలోను, మంచు పడే వేకువలోను గాలిలోని తేమ తడి రంగుపై చేరి తెల్లబారుతుంది. పొడిగా ఉన్న రోజున, ఉదయం మంచు ఆరిన తరువాత నీడలో పూయడం ఉత్తమం. మిర్చి, పత్తి తరలే కాలంలో, యార్డులకు, జిన్నింగు మిల్లులకు సమీపాన ఉన్నవారు దుమ్ము, దూది నుసి తడి రంగుపై పడకుండా మూసిన చోట పని చేయాలి.

సాధారణంగా జరిగే పొరపాట్లు

గోళ్ళరంగు పూయడం చాలామంది చేసే పని. ఇది కూడా నైట్రోసెల్యులోజుతో చేసినదే కనుక కొద్దిరోజులు తేమను ఆపుతుంది. అయితే వర్ణం కలవదు, ఎండకు నిలవదు. దానిని తాత్కాలిక మూతగానే భావించాలి. టూత్‌పేస్టు కేవలం మెత్తని రాపిడి పదార్థం. అది సన్నని గీతలను కొంత మాపగలదే గాని పెచ్చును నింపలేదు. తుప్పుపైనే రంగు పూయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పైకి మచ్చ మాయమైనట్లు కనబడినా లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది, పైగా అది యజమాని కంటికి కనబడదు.

షెడ్డుకు తీసుకువెళ్ళవలసిన సందర్భాలు

దెబ్బ రూపాయి బిళ్ళ కంటే పెద్దదైనా, రేకు సొట్టపడినా, రంగు బుడగలుగా లేచినా టచ్-అప్ పెయింటు చాలదు. డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో ఆ భాగానికి మొత్తంగా రంగు వేయించాలి.

బీమాతో ఈ పని చేయించుకునే ముందు లెక్క చూసుకోవడం అవసరం. భారతదేశంలో క్లెయిము లేని మొదటి సంవత్సరానికి సొంత నష్టపు ప్రీమియంలో 20 శాతం తగ్గింపు లభిస్తుంది. వరుసగా ఐదేళ్ళు క్లెయిము లేకపోతే అది 50 శాతానికి చేరుతుంది. చిన్న క్లెయిముతో కూడా, ప్రత్యేక రక్షణ కొనుక్కోనివారు ఈ తగ్గింపును కోల్పోతారు. పైగా ప్రతి క్లెయిములోను 1,500 సీసీ వరకు గల కార్ల యజమానులు రూ. 1,000, అంతకు మించిన కార్ల యజమానులు రూ. 2,000 తామే భరించాలి.

పాత కార్లు కొనేవారు పొర మందాన్ని కొలిచే పరికరంతో పరీక్షించి, తిరిగి రంగు వేసిన భాగాలను ప్రమాదానికి గురైనవిగా అనుమానిస్తారు. కాబట్టి దగ్గరగా చూస్తే కనబడే చిన్న టచ్-అప్ చుక్క ఉన్నా, కర్మాగారంలో వేసిన అసలు పూత మిగిలిన కారుకే విలువ ఎక్కువ.