పక్కటెముకలకు ఆ జిగురు ఎక్కడిది?

తిరుమల కొండ మీద మాంసం ఊసే ఉండదు. కొండ దిగితే మాత్రం పందుల మీద ఏకంగా పరిశోధనే సాగుతోంది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్లు మూడు పాళ్లు లార్జ్ వైట్ యార్క్‌షైర్, ఒక పాలు నాటురకం కలిసిన టీ-17 అనే పందిని తయారుచేశారు. అయినా పందికూర అనగానే ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే: ‘అబ్బో, కొవ్వు!’

అందులో అబద్ధమేం లేదు. వంద గ్రాముల పచ్చి పక్కటెముకల మాంసంలో 23 గ్రాముల దాకా కొవ్వే. పైగా హోటళ్లలో నిగనిగలాడే ‘స్టిక్కీ రిబ్స్’కు పూసే బార్బెక్యూ సాసులో రెండు టేబుల్‌స్పూన్లకే 15 గ్రాముల చక్కెర ఉండొచ్చు. నిజానికి జిగురు రావడానికి అంత తీపి అక్కర్లేదు. ఎముకనూ కండనూ పట్టి ఉంచే కొల్లాజెన్ తడివేడికి మెల్లగా కరిగి జెలటిన్ అవుతుంది. వేళ్లకు అంటుకునే గుణం దానికే ఉంది.

కిలో ఎముకలను రెండంగుళాల ముక్కలుగా కొట్టించి, లోపలివైపు పల్చటి పొర లాగేయండి. ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి పట్టించి, గ్లాసు నీళ్లతో కుక్కర్‌లో పెట్టండి. విజిల్ వచ్చాక సిమ్‌లో పాతిక నిమిషాలు. పంది మాంసంలో బద్దెపురుగు తిత్తులు ఉంటాయేమోనన్న భయం ఉంటుంది; కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది, అవి బతకవు. వీధుల్లో తిరిగే పంది కాక, షెడ్డులో పెంచినదైతే ఇంకా మంచిది.

ఇక అసలు పని. ముక్కలు తీసి, రసం వడకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దునకు పైన తెల్లటి కొవ్వు మందంగా పేరుకుంటుంది. స్పూనుతో పగలగొట్టి తీసేస్తే అడుగున గోధుమరంగు రసం జున్నులా వణుకుతూ కనిపిస్తుంది. కండలోని కొవ్వంతా పోదు గానీ, కరిగి బయటికొచ్చిందంతా చెత్తబుట్టలోకే.

ఆ రసాన్ని ఇనప బాండ్లిలో పోసి, నిమ్మకాయంత చింతపండు పులుసు, నూరిన ఎండుమిర్చి, ధనియాలు, మిరియాలు వేసి మరిగించండి. చుక్క నూనె వద్దు. బుడగలు పెద్దవై, గరిటె లాగిన చోట బాట నిలిచినప్పుడు ముక్కలు వేసి ఎగరేయండి. ఉసిరికాయంత చిత్తూరు బెల్లం వేయాలనిపిస్తే చివర్లోనే. ముందే వేస్తే మాడుతుంది. పది గ్రాములకు 40 కేలరీలు దాటవు, అదీ నలుగురికి. చింతపండులోనూ చక్కెర లేకపోలేదు, కానీ ఆ కాస్తలో ఎంతని!

పక్కన రాగిసంగటి ఉండాల్సిందే. చెనిగ్గింజల ఊరిమిండి (వేరుశనగ పచ్చడి) మాత్రం ఆ పూటకు మానేయండి, దాని కొవ్వు దానికుంది. రాగులు కదా అని రెండు ముద్దలు లాగించొద్దు: వంద గ్రాముల రాగుల్లో 320 కేలరీలు, బియ్యంలో 350 చిల్లర. తేడా కొంచెమే. ఒక ముద్ద చాలు.