ఇంటికి ఏసీ పెట్టించాలా, వద్దా? గుంటూరు, ప్రకాశం వాసులు కొనేముందు వేసుకోవాల్సిన లెక్కలు

గుంటూరు చుట్టుపక్కల వందకు పైగా కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి. మార్చిలో కల్లాల నుంచి వచ్చిన మిర్చి టిక్కీలు వాటిలో నెలల తరబడి చల్లగా ఉంటాయి. మే వచ్చేసరికి ఎండలకు మిర్చి యార్డుకే సెలవులు ఇస్తారు. మరి అదే ఊళ్లో డాబా ఇంటి పైఅంతస్తులో పడుకునేవాళ్ల సంగతేంటి?

ఏటా ఏప్రిల్‌లో చాలా ఇళ్లలో ఇదే చర్చ. 'ఈసారి ఏసీ పెట్టించేద్దాం' అని ఒకరంటే, 'రెండు నెలల ఎండ కోసం అంత ఖర్చా' అని ఇంకొకరంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఏసీ ఊసే రాదు. వానాకాలంలో చాలా రోజులు ఫ్యాన్‌తో గడిచిపోతాయి. అసలు కష్టం ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు, అంటే సుమారు 60 నుంచి 70 రాత్రులు. కాబట్టి ఏసీ కొనాలా అనే ప్రశ్నను ఇలా మార్చుకోండి: ఆ 70 రాత్రులు, ఒక్క గది కోసం మీ ఇంటికి ఏం కావాలి, దానికి ఎంత అవుతుంది?

మీ ఊరిది పొడి ఎండా? ఉక్కపోతా?

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అంతటా ఒకే రకం ఎండ కాదు. రెంటచింతల, మాచర్ల, మార్కాపురం వైపు వేసవిలో పడమటి గాలి పొడిగా, మంటలా వీస్తుంది. ఒంగోలు, చీరాల, బాపట్ల వైపు సముద్రపు గాలి వల్ల ఉష్ణోగ్రత కాస్త తగ్గినా ఉక్కపోత పెరుగుతుంది. అందుకే భారత వాతావరణ శాఖ వడగాలి ప్రకటించడానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు, తీర ప్రాంతాల్లో 37 డిగ్రీలు ఉండాలని వేర్వేరుగా లెక్క పెట్టుకుంది.

కూలర్ సరిపోతుందా లేదా అన్నది ఈ తేడాను బట్టే ఉంటుంది. నీరు ఆవిరైతేనే కూలర్ గాలి చల్లబడుతుంది. బయట 42 డిగ్రీలు ఉండి గాలిలో తేమ 25 శాతమే ఉంటే, మంచి కూలర్ నుంచి వచ్చే గాలి 29 డిగ్రీల దాకా దిగుతుంది. అదే 35 డిగ్రీలు, 65 శాతం తేమ ఉన్న చోట 30 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పైగా గదిలో తేమ ఇంకా పెరిగి ఒళ్లు జిడ్డుగా ఉంటుంది. అంటే మాచర్లలో కూలర్ చేసే పని చీరాలలో చేయదు.

కూలర్‌కు కిటికీ తెరిచి ఉండాలి, రోజూ బిందెల కొద్దీ నీళ్లు పోయాలి. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో ఇది చిన్న విషయం కాదు. వారానికోసారి ట్యాంకు కడగకపోతే దోమలు చేరతాయి.

ఏసీ ఎవరికి సౌకర్యం? ఎవరికి అవసరం?

2015 మే వడగాల్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో ప్రకాశం, గుంటూరు ఉన్నాయి. వడదెబ్బ పొలంలోనే కాదు, ఇంట్లో ఉన్నవాళ్లకూ తగులుతుంది. 40 డిగ్రీలు దాటాక ఫ్యాన్ వేడి గాలినే ఒంటి మీదకు తోస్తుందని, అప్పుడు దాన్ని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇంట్లో 65 ఏళ్లు దాటిన పెద్దవాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు, గుండె లేదా కిడ్నీ జబ్బుతో మందులు వాడేవాళ్లు ఉంటే ఒక చల్లని గది ఆడంబరం కిందకు రాదు. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, మనిషి తికమకపడినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏసీ గదిలోకి తీసుకెళ్లాం కదా అని ఆగిపోవద్దు.

ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉండి, పగలంతా బయటే ఉంటే మీకు తొందర లేదు. ముందు కింది పని చేసి చూడండి.

ముందు డాబా మీదకు ఎక్కండి

పైఅంతస్తులో ఉంటే రాత్రి పదింటికి పడకగది కప్పు మీద చెయ్యి పెట్టి చూడండి. ఇంకా వేడిగా ఉంటే, పగలు తాగిన ఎండను కాంక్రీటు ఇప్పుడు మీ గదిలోకి వదులుతోందని అర్థం. ఏసీ పెట్టినా అది ముందు ఆ కప్పుతోనే పోరాడాలి.

డాబాకు తెల్లసున్నం గానీ, ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింట్ గానీ వేస్తే ఇంట్లో వేడి 2 నుంచి 5 డిగ్రీల వరకు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. సున్నం ఒక వానాకాలానికే పోతుంది, కానీ ఖర్చు తక్కువ. పడమటి కిటికీకి బయటి వైపు చాప లేదా షేడ్ నెట్ కట్టడం లోపలి కర్టెన్ కంటే మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక కర్టెన్ దాన్ని వెనక్కి పంపలేదు.

ఇదంతా చేశాక కూడా నిద్ర పట్టకపోతే, అప్పుడు ఏసీ లెక్కలోకి వెళ్దాం.

బిల్లు ఎంత పెరుగుతుంది?

చాలామంది ఇక్కడే పొరబడతారు. 'మనకు యూనిట్‌కు నాలుగు రూపాయలు పడుతోంది, ఏసీకీ అంతే' అనుకుంటారు. కానీ ఏసీ కాల్చే యూనిట్లు మీ పాత యూనిట్ల మీద, అంటే ఖరీదైన శ్లాబుల్లో పడతాయి.

రాష్ట్రంలో 2022 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన గృహ శ్లాబులు ఇవి. నెలకు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 31 నుంచి 75 వరకు రూ.3, 76 నుంచి 125 వరకు రూ.4.50, 126 నుంచి 225 వరకు రూ.6, 226 నుంచి 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. మీ తాజా బిల్లులో ఉన్న రేట్లతో ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు ఏసీ లేకుండా నెలకు 180 యూనిట్లు కాలే ఇంటిని తీసుకుందాం. కరెంటు వాడకం చార్జీ రూ.747. యూనిట్‌కు సగటున నాలుగు రూపాయల పైన.

రాత్రి ఎనిమిది గంటలు ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ వేస్తే రోజుకు 7 యూనిట్ల చొప్పున నెలకు 210 యూనిట్లు అనుకోండి. మొత్తం 390 యూనిట్లు. చార్జీ సుమారు రూ.2,461 అవుతుంది. అంటే ఏసీ కోసమే రూ.1,714 కట్టారు. యూనిట్‌కు రూ.8 దాటింది, పాత సగటుకు రెట్టింపు. దీనిపై ఫిక్స్‌డ్ చార్జీ, విద్యుత్ సుంకం, సర్దుబాటు చార్జీలు అదనం.

అదే ఇంట్లో రోజుకు 2 యూనిట్లు తీసుకునే కూలర్ పెడితే నెలకు పెరిగేది సుమారు రూ.400.

70 రాత్రులకు ఏసీ కరెంటు ఖర్చు సుమారు నాలుగు వేలు. ఇది భరించగలిగినదే అనిపిస్తే మంచిదే. అయితే రెండో గదికి కూడా పెట్టిస్తే ఆ యూనిట్లలో చాలావరకు రూ.9.75 శ్లాబులో పడతాయి. రెండో ఏసీ ఎప్పుడూ మొదటిదానికంటే ఖరీదే.

లోడు పెంచుకోవడం ఎందుకు?

మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది. పాత ఇళ్లలో అది చాలావరకు 1 లేదా 2 కిలోవాట్లే. ఒకటిన్నర టన్నుల ఏసీ ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్ వరకు లాగుతుంది. మన రెండు జిల్లాలకూ కరెంటు ఇచ్చే ఏపీసీపీడీసీఎల్, వీధి ట్రాన్స్‌ఫార్మర్ మీద ఎంత బరువు పడుతుందో అంచనా వేసేది రికార్డుల్లో ఉన్న లోడును బట్టే. వీధిలో ఇరవై ఇళ్లు చెప్పకుండా ఏసీలు పెట్టి, రాత్రి పదింటికి అందరూ ఒకేసారి వేస్తే వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజు ఎగిరిపోతుంది. ఆ రాత్రి ఏసీ లేని ఇంటికి ఫ్యాన్ కూడా ఉండదు.

అదనపు లోడుకు డెవలప్‌మెంట్ చార్జీ, సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. నెలవారీ ఫిక్స్‌డ్ చార్జీ మాత్రం కిలోవాట్‌కు పది రూపాయలే. దరఖాస్తుకు సంస్థ వెబ్‌సైట్ లేదా మీ సెక్షన్ ఆఫీసు ఉంది. కరెంటు సమస్యలు ఏవైనా 1912కు చెప్పొచ్చు. ఇంటి లోపల ఏసీకి విడిగా వైరు, ఎంసీబీ, సరైన ఎర్తింగ్ వేయించండి. పాత ప్లగ్ పాయింట్‌కు తగిలించవద్దు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

సుమారు 120 చదరపు అడుగుల గదికి ఒక టన్ను, 180 వరకు ఒకటిన్నర టన్ను సరిపోతాయి. డాబా కింది గదైతే కొంచెం పెద్దదే మేలు.

స్టార్ల కంటే ముందు లేబుల్ మీద సంవత్సరం చూడండి. స్టార్ ప్రమాణాలు ఎప్పటికప్పుడు కఠినమవుతాయి కాబట్టి పాత ఐదు స్టార్లు, కొత్త ఐదు స్టార్లు ఒకటి కావు. ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉండేది 1,600 గంటల వాడకానికి. మీరు వాడేది 70 రాత్రులు, రోజుకు ఎనిమిది గంటలైతే 560 గంటలే. కాబట్టి ఐదు స్టార్లకు పెట్టే అదనపు డబ్బు మీకు తిరిగి రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. మూడు స్టార్ల ఇన్వర్టర్ చాలు అనుకోవడంలో తప్పు లేదు. రోజంతా వేసే ఇల్లయితే ఐదు స్టార్లే లాభం.

2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. దుకాణంలో ధర ఆ మేరకు ఉందో లేదో అడగండి. తీరం దగ్గరైతే ఉప్పు గాలికి తట్టుకునే పూత ఉన్న రాగి కాయిల్ తీసుకోండి. పత్తి, మిర్చి దుమ్ము ఉండే చోట రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి.

2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు 24 డిగ్రీల దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా. 27లో పెట్టి ఫ్యాన్ వేసుకుంటే పై ఉదాహరణలోని ఇంటికి నెలకు రూ.300 దాకా మిగులుతుంది.

సొంత డాబా ఉంటే ఇంకో దారి

పీఎం సూర్యఘర్ పథకం కింద 2 కిలోవాట్ల సోలార్‌కు రూ.60 వేలు, 3 కిలోవాట్లకు రూ.78 వేలు కేంద్ర రాయితీ వస్తుంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తుంది. నెట్ మీటర్ వల్ల పగలు పంపిన యూనిట్లు రాత్రి ఏసీ లెక్కలో తగ్గుతాయి. పైగా పలకల నీడ డాబాకు గొడుగు అవుతుంది.

చివరికి ఎలా తేల్చుకోవాలి?

పెద్దవాళ్లో, పసివాళ్లో, జబ్బుపడినవాళ్లో ఇంట్లో ఉంటే, లేదా తీరప్రాంతపు ఉక్కపోతలో ఉంటే ఒక గదికి ఒక ఏసీ పెట్టించండి, లోడు రాయించుకుని మరీ. పొడి ఎండ ఊరైతే, నీళ్లు ఉంటే, ఈ ఏడాదికి డాబాకు సున్నం, కూలర్‌తో మొదలుపెట్టి రోహిణి కార్తె ఎలా గడుస్తుందో చూడండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో ముందు లోడు సంగతి మాట్లాడాకే షాపుకు వెళ్లండి.

ఏ దారి ఎంచుకున్నా, ఇంట్లో ఆ చల్లని గది ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల మంచం అక్కడ వేయండి. చాలా ఇళ్లలో ఏసీ ఒక గదిలో, అమ్మమ్మ ఇంకో గదిలో ఉంటున్నారు.