పరదేశంలో పంద్రాగస్టు

కువైట్‌లో దిగిన మూడోరోజునే నా పేరు పోయింది. ఆఫీసులో బంట్రోతు మొదలు మేనేజరు వరకు ఎవరు మాట్లాడుకున్నా, నావైపు చూసి "హిందీ, హిందీ" అనడం వినిపించింది. నాకు గుండె గుభేలుమంది. చిన్నప్పుడు కాకినాడలో హిందీ ప్రచార సభవారి పరీక్షలకు కట్టి, ప్రాథమిక ఎలాగో గట్టెక్కి, మధ్యమలో రెండుసార్లు బోల్తాపడ్డవాణ్ణి. ఆ సంగతి సముద్రం దాటి ఇక్కడిదాకా ఎలా వచ్చిందా అని బెంగపెట్టుకున్నాను. వారం రోజులు పోయాక తెలిసింది, అరబ్బీలో మన దేశస్థుణ్ణి "హిందీ" అంటారట! తెలుగువాడైనా, మలయాళీ అయినా, సర్దార్జీ అయినా అక్కడ అందరూ హిందీలే. కాకినాడలో ఉన్నంతకాలం నేను ఫలానావారి అబ్బాయిని, ఫలానా వీధివాణ్ణి. భారతీయుణ్ణని నాకు మొదట గుర్తుచేసినవాడు ఒక అరబ్బు బంట్రోతు.

ఇది 1981 నాటి మాట. నాది ఒక వర్తక సంస్థలో చిట్టా ఆవర్జాలు రాసే గుమాస్తా పని. ఇంటిదగ్గర మావాళ్ళు మాత్రం "మావాడు కువైట్‌లో అకౌంటెంటు" అని చెప్పుకొనేవారు. దీనారు అప్పట్లో 30 రూపాయల పైమాట. అందుచేత ఆ చిన్న అబద్ధాన్ని నేనూ సరిదిద్దలేదు.

సాల్మియాలో మూడో అంతస్తులో రెండు గదుల వాటా. అందులో అయిదుగురం: ఇద్దరు మలయాళీలు, ఒక గోవా ఆయన, రాయచోటి నుంచి వచ్చిన ఒక డ్రైవరు, నేను. వంట వంతులవారీగా చేసుకునేవాళ్ళం. వేసవిలో నీడపట్టున కూడా ఎండ 50 డిగ్రీలదాకా పోయేది. మేడమీది తొట్టెలో నీళ్ళు సలసలా కాగేవి. పంపు తిప్పితే ఒళ్ళు బొబ్బలెక్కవలసిందే. దానికి అక్కడివాళ్ళు కనిపెట్టిన ఉపాయం వింటే మీకు నవ్వొస్తుంది. వేసవి రాగానే స్నానాలగదిలో గీజరు కట్టేస్తారు. గదిలో చల్లగా ఉంటుంది గనక, గీజరులో నిలవున్న నీళ్ళే చన్నీళ్ళు! "వేడి" అని రాసివున్న పంపు తిప్పి చన్నీళ్ళ స్నానం చేసే దేశం ఇంకెక్కడైనా ఉంటుందా?

ఉత్తరాలకు పది పన్నెండు రోజులు పట్టేది. అందుకని మా ఆవిడ కాసెట్టులో మాటలు పట్టి, ఊరు వెళ్ళివచ్చేవాళ్ళ చేత పంపేది. పిల్లవాడి ఎక్కాలు, మా అమ్మ దగ్గు, ఎవరి పెళ్ళి ఎక్కడ కుదిరింది, అన్నీ అందులో ఉండేవి. ఒకసారి మాటల వెనక మా పెరట్లో కాకి అరుపు వినబడింది. ఆ కాకి కోసం కాసెట్టు వెనక్కి తిప్పి నాలుగుసార్లు విన్నాను. మలయాళీ మిత్రుడు నా ముఖం చూసి, ఆ రోజు నా వంతు గిన్నెలు తనే తోమాడు.

మా యజమాని ముసలాయన. బొంబాయి హిందీ గడగడా మాట్లాడేవాడు. ఆయన పడుచువాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి తెరచాప ఓడలో బస్రా ఖర్జూరం వేసుకుని బొంబాయికీ, మలబారుకీ వచ్చేవాడట. తిరుగు ప్రయాణంలో బియ్యం, సుగంధద్రవ్యాలు, ఓడలు కట్టుకోవడానికి మలబారు టేకు తీసుకుపోయేవారట. అక్కడివాళ్ళ నోట మన మాటలు వినిపించడానికి కారణం అదే. ఫంకాను "బంకా" అంటారు, పచ్చడిని "అచ్చార్" అంటారు. పైసల మాట ప్రాణంపోసుకుని "బేజాత్" అయి, మొత్తం డబ్బుకే పేరైంది.

ఒకనాడు ఆయన ఇనప్పెట్టె తీసి ఒక పాత నోటు చూపించాడు. మన రిజర్వు బ్యాంకు నోటే గాని రంగు వేరు. 1961లో దీనారు పుట్టేదాకా కువైట్‌లో చెలామణి అయినది మన రూపాయే. బంగారం దొంగరవాణాకు అడ్డుకట్ట వేయడానికి 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసమని వేరే నోట్లు అచ్చువేసింది. మారకం నాడు పదమూడు రూపాయల చిల్లరకు ఒక దీనారు ఇచ్చారట.

నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ముసలాయన అది కనిపెట్టి నవ్వాడు. "అప్పుడు మేం మీ రూపాయలు లెక్కపెట్టుకున్నాం. ఇప్పుడు నువ్వు మా దీనార్లు లెక్కపెడుతున్నావు. రేపు ఎవరు ఎవరివి లెక్కపెడతారో అల్లాకే తెలుసు" అన్నాడు. పెరిగిన రెండంగుళాలూ తగ్గిపోయాయి.

అయినా గర్వపడడానికి నాకు కొదవలేదు. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మనవాళ్ళు వెస్టిండీసును 43 పరుగుల తేడాతో ఓడించినప్పుడు, బ్యాటు పట్టడం తెలియని నేను మర్నాడు ఆఫీసంతా మిఠాయి పంచాను. 1984 ఏప్రిల్లో రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళితే, ఆ రాకెట్టుకు పద్దులు నేనే రాసినట్టు తిరిగాను. 1989 పంద్రాగస్టుకు మనవాళ్ళ సభలో నాచేత ఉపన్యాసం ఇప్పించారు. "మనం పరదేశంలో దేశానికి ప్రతినిధులం. మనలో ప్రతి ఒక్కడూ మరొకడికి తోబుట్టువు" అని చెప్పాను. చప్పట్లు మారుమోగాయి.

సరిగ్గా వారం తిరక్కుండానే నా బండారం బయటపడింది.

బకాలా అంటే మన వీధి కిరాణా కొట్టు. నేనూ, మా మేనేజరూ ఒక సాయంత్రం అక్కడికి వెళ్ళాం. ఆయన లెబనాను దేశస్థుడు, సూటూ బూటూ మనిషి. నేను చింతపండు పొట్లం తిప్పిచూస్తూ, అలవాటుగా "అంతా గింజలే!" అని తెలుగులో గొణుక్కున్నాను. పక్కన ఒకావిడ నిలబడివుంది. నల్లటి అబాయా, చేతిలో యజమానురాలి పిల్లల పాలడబ్బాలు. ఇళ్ళల్లో పనికి వచ్చిన మనిషి. ఆమె ముఖం ఇంతయింది.

"బాబుగారూ, తెలుగోరాండీ? ఏ ఊరండీ?"

మేనేజరు నావైపు తిరిగి, "నీకు తెలిసిన మనిషా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆ క్షణంలో నాకేమయిందో ఇప్పటికీ చెప్పలేను. "కాదు" అన్నాను. ఆవిడకేసి చూసి, భాష అర్థం కానట్టు తల అడ్డంగా ఊపాను. ఆవిడ ముఖంలో వెలుగు దీపం తగ్గించినట్టు తగ్గిపోయింది. "పొరపాటండీ" అని పక్కకు తప్పుకుంది. నేను చింతపండు కొనకుండానే వచ్చేశాను. వారం కిందట తోబుట్టువులన్న నోరే అది!

సంవత్సరం గడిచింది. 1990 ఆగస్టు 2, గురువారం. తెల్లవారకముందే పెద్ద పెద్ద మోతలు. ఇరాక్ సైన్యం వచ్చేసిందని రేడియో పెడితే తెలిసింది. బ్యాంకులు మూతబడ్డాయి. తొమ్మిదేళ్ళు నేను కూడబెట్టిన లెక్కంతా కాగితాల మీద ఉండిపోయింది. రొట్టెల కొట్టు ముందు తెల్లవారుజామునుంచే బారులు. మా వాటాలో అయిదుగురం కాస్తా పద్నాలుగు మందిమి అయ్యాం.

ఆరో రోజునో ఏడో రోజునో రాయచోటి డ్రైవరు గుమ్మంలోంచి కేకేశాడు. "సార్, ఒక ఆయమ్మ మీ గోదారి పక్కామె. ఇంటోళ్ళంతా ఎండలకు బయటిదేశం పోయినారంట. ఒక్కతే ఉండాది. పిల్చకొచ్చినా."

తలెత్తి చూశాను. ఆవిడే. చంకన బియ్యం మూట, చేతిలో కందిపప్పు, నడుముకు కొంగులో ముడివేసిన తాళాలగుత్తి. ఆవిడా నన్ను పోల్చుకుంది. ఒక్క మాట అనలేదు. తిన్నగా వంటగదిలోకి వెళ్ళి పొయ్యి వెలిగించింది. రాజోలు దగ్గర లంక గ్రామం వాళ్ళది. ఆనాటినుంచి మా పద్నాలుగు మందికీ ఆవిడ "అక్క".

పంద్రాగస్టు వచ్చింది. వీధిలో సైనికులు. జెండా ఎగరేసే దారి లేదు, అసలు జెండాయే లేదు. అక్క తెల్లటి దిండు గలేబు ఒకటి చింపి, పై పట్టీకి పసుపూ కుంకుమా కలిపి అద్దింది. కింది పట్టీకి గోవా ఆయన పచ్చ చొక్కా ఆహుతయింది. చక్రం గీయడం నా వంతు. బాల్‌పెన్నుతో గీశాను. గోడకు తగిలించాక మలయాళీ మిత్రుడు లెక్కపెట్టి చెప్పాడు: చక్రానికి ఆకులు 24 ఉండాలి, నేను గీసినవి 22! ఆ భయంలోనూ అందరికీ నవ్వాగలేదు. "లెక్కల గుమాస్తావి నువ్వే గదయ్యా" అన్నారు. తలుపులు బిగించుకుని, గొంతు తగ్గించి జనగణమన పాడుకున్నాం. మిఠాయి బదులు తలా చిటికెడు పంచదార.

అందరూ సర్దుకున్నాక నేను వంటగదిలోకి వెళ్ళాను. "అక్కా, ఆ రోజు కొట్లో..." అని ఆగిపోయాను.

ఆవిడ పప్పు కలుపుతూనే అంది: "అప్పుడు మీ పక్కన దొరగారున్నారు గదండీ. మా అమ్మగారు పక్కనుంటే నేను మాత్రం మీతో మాట్టాడతానేంటండీ?"

నన్ను తిట్టివుంటే బావుండేది.

ఆ నెల మూడో వారంలో మన విదేశాంగమంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాదు మీదుగా కువైట్‌కు వచ్చారు. మనవాళ్ళను బస్సులమీద ఇరాక్ దాటించి, జోర్డాన్ రాజధాని అమ్మాన్‌నుంచి విమానాల్లో తీసుకుపోతారని తెలిసింది. మేమంతా బయల్దేరడానికి సిద్ధమయ్యాం. అప్పుడు బయటపడింది సంగతి. అక్క పాస్‌పోర్టు యజమాని ఇంట్లో, బీరువాలో ఉంది. ఇంటి తాళాలు ఆవిడ దగ్గరున్నాయి గాని బీరువా తాళం లేదు.

"దానికేముంది, పగలగొడదాం పద" అన్నాడు డ్రైవరు.

"వద్దు" అంది అక్క.

నాకు కోపం వచ్చింది. "నీ పాస్‌పోర్టు నీ దగ్గరుండాలి. అసలు వాళ్ళు తీసి దాచడమే తప్పు. అది నీ హక్కు" అని వాదించాను.

"పాస్‌పోర్టు నాదేనండీ. బీరువా నాది కాదు గదండీ. నమ్మి తాళాలిచ్చి ఎల్లారు. రేపొచ్చి చూసుకుంటే, ఆ ఇండియా మనిసి బీరువా పగలగొట్టి పోయిందంటారు. నా పేరు ఆళ్ళకి సరిగ్గా తెలీదు గాని, దేశం పేరు తెలుసు గదండీ."

పెద్ద పెద్ద మాటలతో ఉపన్యాసమిచ్చినవాణ్ణి, ఈ ఒక్క మాటకు జవాబు దొరక్క నిలబడిపోయాను. ఆమె వాదన సరయిందో కాదో మీరే ఆలోచించుకోండి. ఆమె పాస్‌పోర్టును దాచుకునే హక్కు ఆ ఇంటివాళ్ళకు లేదని నేను ఇప్పటికీ అంటాను. కాని ఆమె వెళ్ళి, ఇల్లు ఊడ్చి, పక్కింటి కువైటీ ముసలమ్మకు తాళాలప్పగించి వచ్చింది.

మన రాయబార కార్యాలయంవారు పాస్‌పోర్టులేని వాళ్ళకు అత్యవసర ప్రయాణ పత్రాలు రాసి ఇస్తున్నారు. ఆవరణంతా జనం. పాపం, ఆ గుమాస్తాకు రెప్పవాల్చడానికి తీరిక లేదు. "ఈమె భారతీయురాలని నిదర్శనం ఏదైనా ఉందా?" అన్నాడు. కాగితమంటూ ఒక్కటి లేదు. "ఈమెను ఎరిగినవాళ్ళెవరైనా ఉన్నారా?"

నేను ముందుకు వెళ్ళాను. "నేనెరుగుదును. మా జిల్లా మనిషి. మా భాష. నాకు అక్క వరస" అన్నాను. కాగితం ఇస్తే రాసి సంతకం పెట్టాను. చెయ్యి వణికింది. నా ఉద్యోగంలో వేలకొద్దీ సంతకాలు పెట్టాను గాని, ఒక పాత బాకీ చెల్లువేస్తూ పెట్టిన సంతకం అదొక్కటే.

బస్రా, బాగ్దాదు, అక్కడినుంచి ఎడారి దారిని జోర్డాన్ సరిహద్దులో రువైషిద్. గుడారాలు, దుమ్ము, మంచినీళ్ళకోసం బారులు. ఆ కష్టాలు ఏకరువు పెట్టను. అమ్మాన్ విమానాశ్రయంలో ఎయిరిండియా విమానం కనబడగానే మా గోవా ఆయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. రెండు నెలల్లో దాదాపు 500 ప్రయాణాల్లో లక్షా పదివేలమందికి పైగా మనవాళ్ళను ఆ విమానాలు ఇళ్ళకు చేర్చాయి. పౌర విమానాల్లో అంతమందిని తరలించడం ప్రపంచంలో మరి జరగలేదంటారు. బొంబాయిలో దిగినప్పుడు నా జేబులో మిగిలినవి చెల్లని దీనార్లు ఏడు.

1991 ఫిబ్రవరి 26న కువైట్ విముక్తమయింది. నేను మళ్ళీ వెళ్ళలేదు. కాకినాడలోనే ఒక కొట్లో పద్దులు రాసి పిల్లల్ని పైకి తెచ్చాను. అక్క మాత్రం 1992లో వెళ్ళింది. ఆ ఇంటివాళ్ళే టిక్కెట్టు పంపారు. ఈసారి పాస్‌పోర్టు తన పెట్టెలోనే ఉంచుకుంటానని ముందుగానే చెప్పించి మరీ వెళ్ళింది. ఇద్దరాడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది, పెంకుటిల్లు కట్టింది. ఈనాడు కువైట్‌లో మన దేశస్థులు దాదాపు పదిలక్షలమంది ఉన్నారు. వాళ్ళలో కోనసీమ వాళ్ళూ, కడప వైపు వాళ్ళూ ఎందరో. వాళ్ళు పంపిన డబ్బుతో ఇక్కడ లేచిన ఇళ్ళు మీరూ చూసే ఉంటారు.

కిందటి పంద్రాగస్టుకు వాళ్ళ ఊరు వెళ్ళాను. వసారాలో, దేవుడి పటాల పక్కన అద్దం కట్టించి పెట్టింది ఆ దిండు గలేబు జెండాను. పసుపు వెలిసిపోయింది. బాల్‌పెన్ను గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

అక్క కాఫీ గ్లాసు చేతికిస్తూ అడిగింది:

"తమ్ముడుగారూ, ఆ రెండాకులూ ఎప్పుడు గీస్తారండీ?"