రంగు చారలు దృశ్యాన్ని ఎలా మారుస్తాయి?

వీడియోలో దృశ్యం మారేటప్పుడు తెర మీదుగా రంగు చారలు దూసుకుపోవడమే చారల ట్రాన్సిషన్. మాడుగుల హల్వా తయారీ వీడియోలో గోధుమ పాలు తీసే దృశ్యం వెంటనే, నేతిలో హల్వా దగ్గరపడే దృశ్యం వస్తే చూసేవారు తికమకపడతారు. మధ్యలో చాలా సమయం గడిచిందని చారలు చెబుతాయి.

ఎడిటింగ్‌లో వీటిని ఎలా అమర్చాలి? రెండు దృశ్యాల క్లిప్పులూ కింది ట్రాక్‌లో పక్కపక్కన, చారల క్లిప్పు పై ట్రాక్‌లో ఉంటాయి. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక్కో చార 2 ఫ్రేముల తేడాతో బయలుదేరితే కదలిక అలలా సాగుతుంది. చారలు తెరను పూర్తిగా కప్పిన ఫ్రేము దగ్గరే కింది క్లిప్పు మారాలి. అప్పుడు అతుకు కనిపించదు.

చారలు లేనిచోట కింది దృశ్యం కనబడాలంటే, పారదర్శకతను నమోదు చేసే ఆల్ఫా ఛానెల్ కావాలి. ప్రోరెస్ 4444 రకం వీడియో ఫైళ్లలో దానికి చోటుంది. మామూలు ఎంపీ4 ఫైళ్లలో ఉండదు. అయితే దృశ్యం మారిన ప్రతిసారీ చారలు వాడితే విసుగు పుడుతుంది. అంశం మారినచోట, లేదా చాలా సమయం గడిచినచోట మాత్రమే వాడాలి.